బండి మొకం ఇంటి దిక్కు

మా ఎదురింటి కాక పోయి నెల దాటింది. ఆ రోజు పొద్దున్నే చిన్నమ్మ ఫోను చేసి, "బిడ్డా, జీపు తాళం నీ దగ్గర్నే ఉన్నదా?" అని అడిగింది. ఉందన్నాను. "జర తీస్కరా. కాక లేస్తలేడు" అంది. గొంతులో ఏడుపు లేదు. పాలు పొంగుతున్నాయి రమ్మన్నట్టు పిలిచిందంతే. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటి వెళ్ళాను. కాక మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. అయినా దవాఖానకు తీసుకుపోయాం. జీపు నేనే నడిపాను. వెనక సీటులో చిన్నమ్మ ఒడిలో తల పెట్టుకుని ఆయన. కాక తన జీపులో వెనక ఉండడం నేను చూసింది అదొక్కసారే.

డాక్టరు చూసి గుండె అన్నాడు. "నొప్పి కొన్నాళ్ళ ముందే వచ్చి ఉంటుందమ్మా. ఎవరూ గమనించలేదా?" అని అడిగాడు. చిన్నమ్మ నా వైపు చూసింది. నేను నేల చూశాను.

ఆయన జీపు తాళం నా దగ్గర ఎందుకుందో చిన్నమ్మ ఆ రోజు అడగలేదు. తరవాత కూడా అడగలేదు. ఈ నాలుగు మాటలు రాయడానికి సగం కారణం అదే. మిగతా సగం, ఆయనంటే నాకున్న ప్రేమ.

బాన్సువాడ తెలిసినవాళ్ళెవరైనా ఆయన్ను చూసే ఉంటారు. బస్టాండు ఎదురుగా, ఆటోల వరుసకు కాస్త ఎడంగా ఆకుపచ్చ రంగు వెలిసిపోయిన జీపు ఉండేది. దాని బానెట్ మీద చాయ్ గ్లాసు పెట్టుకుని నిలబడే పొడుగాటి మనిషి ఆయన. ఆటోవాళ్ళు రామని మొండికేసే దారుల్లో కాక జీపు పోయేది. తునికాకు కోసేవాళ్ళను, అడవి అంచున తండాల పెళ్ళి జనాన్ని, కాన్పు నొప్పుల ఆడవాళ్ళను ఎక్కించుకుని పోయేవాడు. అన్నదమ్ములంతా వరి, చెరకు వేసుకుంటే ఈయన ఒక్కడు నాగలి పట్టనన్నాడట. "ఎడ్లకు బుద్ధి చెప్పలేక జీపు కొన్న" అనేవాడు. జీపు కూడా చెప్పిన మాట వినేది కాదనుకోండి.

మాకు చుట్టరికం ఏమీ లేదు. మావాళ్ళు గోదావరి వైపు నుంచి వచ్చి బీర్కూర్ దగ్గర కాలువ కింద వలసవాళ్ళ క్యాంపులో పొలాలు కొనుక్కుని ఉండిపోయారు. చేపల శాఖలో చిన్న ఉద్యోగం దొరికి నేను బాన్సువాడలో ఇల్లు కిరాయికి తీసుకుంటే, ఎదురిల్లు వాళ్ళది. మొదటిరోజు "బాబాయ్ గారూ, ఇక్కడ పాలు ఎక్కడ దొరుకుతాయండీ?" అని అడిగాను. ఆయన చాలాసేపు నవ్వాడు. "గారు తీసెయ్. అండి తీసెయ్. బాబాయ్ గూడ తీసెయ్. కాక అను, పాలు మా ఇంట్లకెళ్ళే వస్తయి" అన్నాడు. ఆ సాయంత్రం నుంచి ఆయన కాక, వాళ్ళావిడ చిన్నమ్మ.

చెరువుల్లో చేపపిల్లలు వదిలించడం, వానలకు ముందు చెరువుల్లో నీళ్ళెంత మిగిలాయో చూసి రావడం నా పని. ప్లాస్టిక్ సంచుల్లో నీళ్ళతో పాటు గాలి కూడా పట్టి, పిల్లలను పోసి, మూతి బిగించి పంపుతారు. ఆ గాలి కొన్ని గంటలే. దారిలో ఆలస్యమైతే సంచిలో తెల్లటి పొట్టలు పైకి తేలతాయి. మిగతా చెరువులన్నిటికీ ఏదో ఒక రోడ్డుంది. ఒక్కదానికే లేదు. కాగితాల్లో దానికి నంబరే ఉంది, పేరు లేదు. కాక దాన్ని లోపటి చెరువు అనేవాడు.

నస్రుల్లాబాద్ దాటి, చివరి తండా దాటాక తారు ఆగిపోతుంది. అక్కడి నుంచి టేకు చెట్ల మధ్య ఎర్రమట్టి బాట. ఎప్పుడో కలప బండ్లు తొక్కిన రెండు చక్రాల జాడలు, మధ్యలో మోకాలెత్తు గడ్డి. ఇంకాస్త లోపలికి పోతే ఆ జాడలు కూడా ఉండవు. గుండ్రాళ్ళు, వేర్లు, ఒకపక్కకు ఒరిగిన బండ. ఆ తరవాత ఓ వాగు దాటాలి. అవతల ఏటవాలు ఎక్కి దిగితే చెట్లు ఒక్కసారిగా అయిపోయి చెరువు కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు అందంగా ఉందనిపించలేదు నాకు. నీళ్ళ నడుమ ఎండిన చెట్లు బెరడు లేకుండా నిలబడి ఉన్నాయి. వాటి మీద ఒక్క కొంగ లేదు. ఇన్ని నీళ్ళున్న చోట ఒక్క పిట్టా కూయకపోతే మనిషికి మాట పెగలదు. నేను ధైర్యం కోసం, "అమ్మయ్య, చేరాం" అన్నాను.

"గా మాట ఈడ అనకు. ఇంటికి పోయినంక అను. ఇంటికి చేరితేనే చేరినట్టు" అన్నాడు కాక.

ఆ చెరువు దగ్గర ఆయన పద్ధతులు ఆయనకుండేవి. ఊళ్ళోంచి కదిలేముందు రైసుమిల్లు దగ్గర ఆగి బస్తాడు ఊక వేసుకునేవాడు. కోళ్ళఫారం పెట్టావా అని బస్టాండులో అందరూ ఎగతాళి చేసేవాళ్ళు. జారే చోట చక్రం కింద గుప్పెడు ఊక పోస్తే పట్టు దొరుకుతుందని నాకు తరవాత తెలిసింది. వాగు ఎండిపోయి ఉన్నా సరే, దిగి ఓసారి కర్రతో నడిచి చూడనిదే జీపు దింపేవాడు కాదు. ఇక చెరువు దగ్గరికి పోగానే, ఎవరినీ దిగనివ్వకుండా ముందు జీపును వెనక్కి తిప్పి, దాని ముఖం వచ్చిన దారివైపు పెట్టేవాడు. సంచుల్లో చేపపిల్లలు గుడ్లు తేలేస్తున్నా అంతే. ఒకసారి విసుక్కున్నాను.

"పోయేటప్పుడు మస్తు టైముంటది బిడ్డా. వచ్చేటప్పుడు ఉంటదో లేదో ఎవ్వనికెరుక. బండి మొకం ఇంటి దిక్కుంటే సగం ఫికర్ తక్వ" అన్నాడు.

ఆయన ఫికర్ ఏమిటో రెండోసారి వెళ్ళినప్పుడు చూపించాడు. అవతలి ఒడ్డున బురదలో రెండు కొమ్ములు పైకి కనిపిస్తున్నాయి. తండావాళ్ళ బర్రె. నీళ్ళకని దిగి మళ్ళీ రాలేదు. ఆ పొద్దున్నే ఒడ్డు తడిమట్టిలో చిరుత అడుగులు కూడా చూశాను. నాకు వాటిని చూస్తేనే భయం వేసింది. కాక వాటిని చెప్పుతో చెరిపేశాడు. "చిరుత మనల్ని చూస్తే పోతది. బురద యాడికీ పోదు. ఊకె కూసుంటది. దానికి తొందర లేదు" అన్నాడు. ఆ కొమ్ముల వైపు వీపు పెట్టి నిలబడి, వెళ్ళేదాకా అటు చూడనే లేదు.

నాకు జీపు నేర్పిందీ ఆ దారిలోనే. ఒక కంట్లో పొర మొదలయ్యాక, "ఇగ నువ్వు పట్టు" అని పక్క సీటులోకి మారాడు. ఊళ్ళో మైదానంలో నేర్పమంటే వినలేదు. మైదానంలో నేర్చుకున్నోడు మైదానంలోనే నడుపుతాడట. నేను గేరు బలంగా గుంజితే, "గేరు మీద కోపమా, నా మీద కోపమా?" అనేవాడు. బండ మీద జీపు ఒరిగితే నాకు స్టీరింగు వదిలేసి దూకాలనిపించేది. "కండ్లతోటి నడపకు. బండి ఏమంటదో ముందుగాల నడుముకు తెలుస్తది, తర్వాతనే కండ్లకు. నడుము మాట ఇను" అనేవాడు. ఇంటికొచ్చాక చిన్నమ్మ ముందు, "మా కోస్తా డ్రైవర్ ఇయ్యాల ఒక్క చెట్టును గూడ గుద్దలే" అని పొగిడేవాడు. ఆ పొగడ్తకు నేను వారం రోజులు పొంగిపోయేదాన్ని. ఈ ఊళ్ళో నన్ను ఇంటిపిల్లగా చూసిన మనిషి ఆయనొక్కడే.

అలాంటి మనిషి మాట నేను ఒక్కసారి వినలేదు.

ఈ ఎండాకాలం చివర్లో లోపటి చెరువు నీళ్ళు చూసి రావాల్సి వచ్చింది. ఆ రోజు వద్దన్నాడు కాక. జుక్కల్ దిక్కు ఆకాశం మట్టిరంగులో ఉంది. గాలి లేదు. "రేపు పోదాం, ఇయ్యాల మబ్బు నాకు నచ్చుతలేదు" అన్నాడు. రేపు ఆఫీసులో చెప్పాలి కాకా, అన్నాను. ఆయన మిల్లు దగ్గర ఊక వేయించాడు. వాగు ఇసుక కాలు కాలేంత వేడిగా, పొడిగా ఉంది. అయినా దిగి నడిచాడు. అవతల గట్టు మీద నిలబడి ఎగువ వైపు చాలాసేపు చూశాడు.

చెరువు మధ్యలోకి కుంచించుకుపోయింది. నీటి మట్టం చూసే రాయి దూరంగా, ఎండిపోయిన నేల అవతల ఉంది. నేలంతా పెంకుల్లా పగిలి, చూడ్డానికి సిమెంటులా గట్టిగా కనిపించింది. కాక, "ఈడ్నే ఆపు. మొకం తిప్పు. నడిచిపోదాం" అన్నాడు. ఆ ఎండలో అంత దూరం ఆయన్ను నడిపించడం నాకిష్టం లేకపోయింది. నిజం చెప్పాలంటే నాకు తొందరగా కూడా ఉంది.

ఇక్కడ నా బుద్ధి గురించి ఒక మాట చెప్పాలి. నేను వరిమడి పిల్లని. మా క్యాంపులో నాట్లకు ముందు మడి దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు ఎంత లోతు దిగినా ఎవరూ భయపడరు. మోకాలు లోతు బురద కింద గట్టి అడుగు ఉంటుంది. చక్రం దిగబడితే ఆగకూడదు, ఇంకా తొక్కాలి, అడుగు తగిలితే అదే లేస్తుంది. మా నాన్న గట్టు మీద నిలబడి, "అడుగు దొరికిందా?" అని అరిచేవాడు. ప్రతిసారీ దొరికేది. ఏ బురదకైనా అడుగుంటుందని నేను నమ్మకంగా పెరిగాను.

"పైన గట్టిగానే ఉంది కాకా. కింద మెత్తగా ఉన్నా అడుగు తగుల్తుంది" అన్నాను.

"ఏం అడుగు?"

"మడికి అడుగుండదా?"

"గది మడి బిడ్డా. మీ నాయిన ఏండ్లకేండ్లు దున్ని చేసిండు గా అడుగు. దీనికెవ్వడు చేసిండు?"

ఆయన మాట పూర్తయ్యేలోపే నేను క్లచ్ వదిలేశాను.

కొంత దూరం బాగానే పోయింది. తరవాత అప్పడం విరిగినట్టు చప్పుడైంది. ఎడమ వెనక చక్రం దిగింది. నా నడుముకు తెలిసింది, ఆయన చెప్పినట్టే. అయినా నేను నాన్న నేర్పిన పని చేశాను. యాక్సిలరేటర్ తొక్కాను. అడుగు కోసం తొక్కాను. చక్రాలు నల్లటి బురదను వెనక్కి చిమ్ముతూ కిందికి, ఇంకా కిందికి పోయాయి. "ఆపు" అన్నాడు కాక. అరవలేదు. ఇంజను ఆపేశాక చక్రాల కింద బురద బుడగలు తేలుతున్న చప్పుడు వినిపించింది. ఆ వెంటనే దూరంగా ఉరిమింది.

ఫోనుకు సిగ్నల్ లేదు. వాన ఎగువన పడ్డా వాగు ఇక్కడికి వస్తుంది. వాగొస్తే వెనక్కి దారి ఉండదు. ఈ నేల మీద పడితే మేము నిలబడ్డ పెంకు కూడా కరిగిపోతుంది. ఇవేవీ ఆయన నాతో అనలేదు. చెప్పులు విడిచి జీపులో పెట్టి, ప్యాంటు మడిచి దిగాడు. నన్ను ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

జాకీ పెడితే అదీ దిగిపోయింది. స్టెప్నీ విప్పి బురద మీద పడుకోబెట్టి, దాని మీద జాకీ ఎక్కించాడు. నేను ఒడ్డు నుంచి బల్లపరుపు రాళ్ళు, టేకు కొమ్మలు మోసుకొచ్చాను. ఆయన పొట్ట మీద పడుకుని చక్రం కింద చేతులతో తవ్వి, కొమ్మలు కూరి, పైన ఊక పోశాడు. రెండు చక్రాలకూ బస్తా ఊక అయిపోయింది. నన్ను లోపల కూర్చోబెట్టి రివర్సు గేరులో మెల్లగా వెనక్కి తీయమన్నాడు. తను ముందు నిలబడి బానెట్‌కు భుజం ఆనించి నెట్టాడు. మొదటిసారి కదల్లేదు. రెండోసారి కదిలి మళ్ళీ దిగింది. మూడోసారి ముందు అద్దంలోంచి ఆయన ముఖం నాకు ఎదురుగా కనిపించింది. పళ్ళు బిగపట్టి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. జీపు ఒక్క ఊపుతో లేచి వెనక్కి వచ్చేసింది. ఆయన బురదలో బోర్లా పడ్డాడు.

లేచి కూర్చుని నవ్వాడు. "చూస్తివా, మా నాయిన పట్టుమన్న నాగలి ఇయ్యాల పట్టిన" అన్నాడు. నేను ఏడుస్తున్నాను. "ఏడుపు ఇంటికి పోయినంక. మొకం తిప్పు" అన్నాడు.

వాగు దగ్గరికి వచ్చేసరికి ఎర్రటి నీళ్ళు పాముల్లా ఇసుక మీద పాకడం మొదలైంది. పాదం లోతే. అయినా దిగి ముందు నడిచాడు. సగంలో ఆగిపోయాడు. కర్ర మీద ఆనుకుని, ఎడమచెయ్యి ఛాతీ దగ్గర అంగీ మీద పెట్టుకుని, అట్లాగే నిలబడ్డాడు. నీళ్ళు ఆయన మడమల చుట్టూ పోతున్నాయి. నేను దిగబోతే చెయ్యి ఊపి జీపు తెమ్మన్నాడు. జీపెక్కాక, "చాతిల మంట. పొద్దుగాల మిర్చిబజ్జీలు తిన్న గద" అన్నాడు. నేరుగా దవాఖానకు పోదామన్నాను. కోపం వచ్చింది ఆయనకు. ఆ రోజంతటికీ అదొక్కటే కోపం.

"చిన్నమ్మకు చెప్పకు. చెప్తే ఇగ నన్ను ఇంట్లకెళ్ళి కదలనియ్యది. నా మీద ఒట్టు."

సరేనన్నాను. ఆయన మాట కోసమే అన్నానని చెప్పుకుంటే ఎంత బాగుంటుంది. నేను చేసిన పని ఎవరికీ తెలియకూడదని నాకూ ఉంది. ఆ ఒట్టు నాకు అక్కరకొచ్చింది.

ఊరి బయట కాలువ దగ్గర ఆపమని, అంగీతో సహా మునిగి లేచి, తడి బట్టలతోనే ఇంటికి వెళ్ళాడు. మర్నాడు జీపు కడిగించి తాళం ఇవ్వబోతే తీసుకోలేదు. "నీ దగ్గర్నే ఉండనియ్" అన్నాడు. అప్పటినుంచి బస్టాండుకు పోలేదు. వాకిట్లో మంచం వేసుకుని కూర్చునేవాడు. నేను ఆఫీసుకు వెళ్తూ కళ్ళతోనే అడిగేదాన్ని. తగ్గిందన్నట్టు తల ఊపేవాడు. పది రోజులు దాటాక చిన్నమ్మ ఫోను చేసింది.

నెల మాసికం అయిన మర్నాడు చిన్నమ్మ మా ఇంటికి వచ్చి, చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది. "నన్ను గా చెరువుకు తీస్కపో. పెండ్లయినకాంచి అడుగుతున్న, ఒక్కనాడు తీస్కపోలే" అంది.

వానలు గట్టిగా పడిన వారం అది. మిల్లు దగ్గర నేను ఆగకముందే, "ఊక ఏస్కోవా?" అని అడిగింది. వాగులో పిక్కల లోతు నీళ్ళున్నాయి. కర్ర పట్టుకుని నడిచి చూసి వచ్చాను. ఆమె కాక సీటులో కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. చెరువు నిండుతోంది. మేము దిగబడిన నేల నీళ్ళ కిందికి పోయింది. నేను దిగబోతుంటే, "ముందుగాల మొకం తిప్పు" అంది చిన్నమ్మ. తిప్పాను.

ఒడ్డున నిలబడి చాలాసేపు చూసింది. పిట్ట కూత లేదు. ఎండిన చెట్లు మళ్ళీ సగం దాకా మునిగాయి. ఒడ్డుకు కొంచెం దూరంలో నీళ్ళ మీద పసుపుపచ్చగా ఏదో తెట్టులా తేలుతోంది.

"గదేంది?"

"ఊక" అన్నాను.

"ఊక ఈడికెట్లొచ్చింది?"

ఇక దాచడానికి ఏమీ లేదు. మొదటి నుంచి చెప్పాను. ఆయన వద్దన్నదీ, నేను తొక్కిందీ, ఆయన నెట్టిందీ, వాగులో చెయ్యి అంగీ మీద పెట్టుకుని నిలబడిందీ. ఒట్టు సంగతీ చెప్పాను. ఆ ఒట్టు నాకు అక్కరకొచ్చిందని కూడా చెప్పాను. అంతా అయ్యాక కవరు విప్పింది. అందులో కాక అంగీ ఉంది, ఇస్త్రీ చేసినట్టు మడిచి. ఛాతీ మీద అరచేయంత నల్లటి మరక. వంగి ఒడ్డు బురద వేలితో తీసి మరక పక్కన రాసి చూసింది.

"నేనే ఉతికిన. ఎన్ని నీళ్ళు మార్చినా పోలే. ఊరి మట్టి గాదని అప్పుడే ఎరుక" అంది. "ఆయన చెప్తడని చూసిన. నువ్వు చెప్తవని చూసిన. ఇద్దరు చెప్పలే."

"నేను చెప్పి ఉంటే, చిన్నమ్మా..."

"చెప్పుంటే దవాఖానకు గుంజుకపోతుంటి."

కోపం లేకుండా, ఓదార్పు కూడా లేకుండా అంది. అంగీ మళ్ళీ మడిచి కవరులో పెట్టుకుంది. పెట్టుకుంటూ, చెరువు వైపు చూసి, "నేను గూడ అంగీ చేతిల పట్టుకొని ఇదేందని అడుగలే" అంది.

జీపెక్కాం. ఇంకేమైనా అంటుందేమోనని తాళం తిప్పకుండా ఆగాను. "పోనియ్. ఏం మాట్లాడినా ఇంటికి పోయినంకనే" అంది. మా ముందు దారి ఉంది. చెరువు వెనక ఉంది. పక్క అద్దంలో ఆ ఊక కనిపిస్తూనే ఉంది. నీళ్ళ కింద నేను చక్రాలు దింపిన చోటికి సరిగ్గా పైన, పక్కపక్కన రెండు పసుపుపచ్చ చారలు. గాలి వీస్తున్నా అవి అక్కడి నుంచి కదలడం లేదు.